పంట, వర్షపాత ఫైళ్లను డేటాబేస్‌కు చేర్చే స్క్రిప్టులలో దోషాన్వేషణ: కృష్ణా డెల్టా వివరాల ఆధారంగా ఒక పరిశీలన

ప్రకాశం బ్యారేజీ కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు గల కృష్ణా డెల్టాలో పంట, నీరు, వర్షపాత వివరాల నమోదు కొత్త విషయం కాదు. గ్రామ అడంగళ్లు, కాలువల గేజి రిజిస్టర్లు, వర్షమాపక కేంద్రాల పుస్తకాలు తరతరాలుగా ఉన్నవే. ఇటీవలి మార్పు ఏమనగా, ఈ వివరాలు ఇప్పుడు ఫైళ్ల రూపంలో చేతులు మారుతున్నాయి. మండలం నుండి జిల్లాకు, జిల్లా నుండి పరిశోధన స్థానానికి వచ్చే ఫైలు చాలా సందర్భాలలో ఒక సాదా పాఠ్య ఫైలు: వరుసకు ఒక కమతం లేదా ఒక రోజు, విలువల మధ్య కామా. దీనినే సి.ఎస్.వి. ఫైలు అంటారు. దానిని చదివి డేటాబేస్ పట్టికలోనికి చేర్చే చిన్న ప్రోగ్రామే దిగుమతి స్క్రిప్టు.

ఈ స్క్రిప్టును వ్రాసేవారు తరచుగా కంప్యూటరు నిపుణులు కారు. స్నాతకోత్తర విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు. పని పూర్తి కావడమే వారి దృష్టిలో విజయం. కాని పని పూర్తి అయినట్లు కనిపించడానికి, వివరాలు సరిగా చేరడానికి మధ్య చాలా దూరం ఉన్నది. పంట నమోదు అనేది ధాన్యం కొనుగోలుకు, పంటల బీమాకు, పెట్టుబడి రాయితీకి ఆధారమైన రాష్ట్రంలో ఒక వరుస జారిపోతే ఒక రైతు పేరు జారిపోయినట్లే. పరిశోధనలో జరిగే నష్టం ఇంత స్పష్టంగా బయటపడదు. తప్పు సగటు కూడ సరైన సగటు వలెనే పట్టికలో కూర్చుంటుంది.

ఆగిన స్క్రిప్టు, ఆగని స్క్రిప్టు

స్క్రిప్టు మధ్యలో దోష సందేశంతో ఆగిపోతే విద్యార్థి కలవరపడతాడు. నిజానికి అది మేలైన స్థితి. ఏ వరుసలో, ఏ కాలమ్‌లో ఇబ్బంది వచ్చినదో సాధారణంగా ఆ సందేశంలోనే ఉంటుంది. భయపడవలసినది ఏ సందేశమూ లేకుండా ముగిసిన దిగుమతిని చూచి.

ఇందులో డేటాబేస్‌లన్నీ ఒకే తీరున ప్రవర్తించవు. పోస్ట్‌గ్రెస్‌లోని కాపీ ఆదేశం సాధారణంగా మొదటి దోషం వద్దనే ఆగి, వరుస సంఖ్య తెలిపి, అంతవరకు చేర్చిన వరుసలను కూడ పట్టికలో నిలువనీయదు. మైఎస్‌క్యూఎల్‌లోని లోడ్ డేటా ఆదేశానికి లోకల్ అను పదం జోడించినపుడు పద్ధతి భిన్నం: సరిపడని విలువను తనకు తోచినట్లు మార్చి, ఒక హెచ్చరికను మాత్రం నమోదు చేసి ముందుకు సాగుతుంది. ఆ హెచ్చరికలను విడిగా అడిగితే తప్ప వాటి పాఠం కనిపించదు. ఎస్‌క్యూలైట్ మరింత ఉదారమైనది. సాధారణ పట్టికలలో సంఖ్యా కాలమ్‌లోనికి అక్షరాలు వచ్చినా అట్లే స్వీకరిస్తుంది.

ఒక ఉదాహరణ చాలును. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా వరద సుమారు 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. ఒక గేజి ఫైలులో ఈ విలువను మన అలవాటు ప్రకారం 11,43,000 అని కామాలతో వ్రాశారనుకొంటే, దిగుమతిలో రెండు విధాల అపాయం కలదు. విలువ చుట్టూ ఉల్లేఖన చిహ్నాలు లేకపోతే అది 11, 43, 000 అను మూడు విలువలుగా చీలి, ఆ వరుసలోని తరువాతి కాలమ్‌లన్నీ రెండు స్థానాలు జరుగుతాయి. చిహ్నాలు ఉంటే చీలదు గాని, పైన చెప్పిన ఉదార పద్ధతిలో మైఎస్‌క్యూఎల్ కామా వరకు మాత్రమే చదివి 11 అని నిలుపుకొంటుంది. బ్యారేజీ చరిత్రలో నమోదైన అతి పెద్ద వరద పట్టికలో పదకొండు క్యూసెక్కులవుతుంది. పోస్ట్‌గ్రెస్ అదే విలువను తిరస్కరించి ఆగుతుంది. ఆ సమయంలో విసుగు కలిగించేది పోస్ట్‌గ్రెస్సే, కాపాడేదీ అదే.

కావున దోషాన్వేషణలో మొదటి మెట్టు స్క్రిప్టును చదవడం కాదు, లెక్క చూడడం. ఫైలులో ఎన్ని వరుసలు ఉన్నవి, శీర్షిక వరుసను మినహాయించి ఎన్ని చేరినవి, ఎన్ని తిరస్కరింపబడినవి? ఈ మూడింటికి పొత్తు కుదరాలి. ఒక విలువలోనే పంక్తి విరుపు ఉంటే, ఉదాహరణకు ‘రిమార్కులు’ కాలమ్‌లో రెండు పంక్తులు వ్రాసి ఉంటే, పంక్తుల సంఖ్యకు వరుసల సంఖ్యకు తేడా వస్తుంది. లెక్కించేటపుడు ఇది గమనించాలి. వరుసల లెక్క సరిపోయినా అక్కడితో ఆగరాదు. ఒక సంఖ్యా కాలమ్ మొత్తాన్ని, సాధారణంగా విస్తీర్ణాన్ని, ఫైలులోను పట్టికలోను వేర్వేరుగా కూడి పోల్చాలి. పై వరద ఉదాహరణలో వరుసల లెక్క సరిగానే ఉంటుంది. మొత్తం మాత్రమే తప్పును పట్టిస్తుంది.

సర్వే సంఖ్య తేదీగా మారుట

డెల్టా పంట ఫైళ్లలో అతి క్లిష్టమైన కాలమ్ సర్వే సంఖ్య. 12/3, 112/2ఎ, 45-1 వంటి రూపాలలో ఉండే ఇది పేరుకు సంఖ్య అయినా స్వభావానికి పాఠ్యం. దీనితో కూడికలు, తీసివేతలు చేయవలసిన అవసరం ఎన్నడూ రాదు.

ఫైలును చూడటానికి ఎవరో ఒకరు ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరుస్తారు. మన దేశపు అమరికలో ఉన్న కంప్యూటరులో ఎక్సెల్ 12/3 ను మార్చి 12వ తేదీగా గ్రహిస్తుంది. తేదీని అది లోపల ఒక వరుస సంఖ్యగా దాచుకొంటుంది. 2024లో తెరిస్తే ఆ సంఖ్య 45363, 2025లో తెరిస్తే 45728. తెరిచినవారు ఏమీ మార్చకపోయినా, మూసేటపుడు ‘సేవ్’ నొక్కితే చాలును, సర్వే సంఖ్య స్థానంలో తేదీ స్థిరపడుతుంది. అదే కమతం రెండు సంవత్సరాల ఫైళ్లలో రెండు వేర్వేరు గుర్తులతో దర్శనమివ్వవచ్చును. ఇందులో మరొక చిక్కు కలదు. 112/3 వంటివి తేదీ కాజాలవు కనుక చెక్కుచెదరవు. ఎక్కువగా దెబ్బ తినేవి మొదటి భాగం 31 లోపు, రెండవ భాగం 12 లోపు ఉన్నవి. అనగా గ్రామంలో సర్వే మొదలైన వైపు ఉన్న పొలాలే తరచుగా గల్లంతవుతాయి. నమూనా పరిశీలనకు ఫైలు మధ్యలోని ఇరవై వరుసలు తీసుకొన్నవారికి ఏ లోపమూ కనిపించకపోవచ్చును.

మారిన తేదీ నుండి పాత సంఖ్యను తిరిగి రాబట్టవచ్చునా? కొంతవరకే. 12/3, 12-3, 12/03 మూడూ ఒకే తేదీ అవుతాయి. ఏది మూలమో చెప్పలేము. నెలను ముందు చదివే అమెరికా అమరిక గల కంప్యూటరులో తెరిచి ఉంటే అది డిసెంబరు 3 అయి ఉంటుంది. కాబట్టి మూల ఫైలును దాచి ఉంచడం తప్ప నమ్మదగిన మందు లేదు.

ఈ బాధ మన అడంగళ్లకే పరిమితం కాదు. మానవ జన్యువులలో మార్చ్1, సెప్ట్2 వంటి పేర్లు గలవి ఎక్సెల్‌లో తేదీలుగా మారుతూ వచ్చాయి. ఎక్సెల్ జన్యు పట్టికలు జతపరచిన పరిశోధన పత్రాలలో సుమారు ఐదవ వంతు పత్రాల పట్టికలలో ఈ లోపం ఉన్నదని 2016లో జీనోమ్ బయాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపినది. చివరకు 2020లో జన్యు నామకరణ సంఘమే ఆ జన్యువుల పేర్లను మార్చ్ఎఫ్1, సెప్టిన్2 అని మార్చుకొన్నది. 2023లో ఎక్సెల్‌లో ఈ స్వయంచాలక మార్పును నిలిపివేసే ఎంపిక వచ్చినది. జన్యువు పేరు మార్చడం సాధ్యమైనది గాని, పట్టాదారు పాసుపుస్తకంలోని సర్వే సంఖ్యను మార్చడం ఎవరి తరమూ కాదు. అందుచేత జాగ్రత్త అంతా ఫైలును తెరిచేచోటనే పాటించవలసి ఉన్నది: ఎక్సెల్‌లో చూడక తప్పనిచో, డేటా దిగుమతి మార్గంలో ఆ కాలమ్‌ను ‘టెక్స్ట్’ అని ముందే పేర్కొని తెరవాలి.

తేదీల కాలమ్‌లో ఇదే వ్యాధి తిరగబడిన రూపంలో కనిపిస్తుంది. వరి నాట్ల తేదీ 07-08-2024 అని ఉంటే అది ఆగస్టు 7. నెలను ముందు చదివే స్క్రిప్టుకు అది జూలై 8. పదమూడవ తేదీ మొదలు స్క్రిప్టు దోషం చూపుతుంది. పన్నెండు లోపు తేదీలను మౌనంగా తారుమారు చేస్తుంది. తిరస్కరింపబడిన వరుసలన్నింటిలో దినసంఖ్య 12 కంటే ఎక్కువగా ఉన్నట్లయితే, చేరిన వరుసలు కూడ తప్పేనని వెంటనే గ్రహించాలి.

ఎకరాలు, సెంట్లు, గుంటలు

విస్తీర్ణం కాలమ్‌లోని చుక్క అన్నిచోట్ల దశాంశ బిందువు కాదు. డెల్టాలో రెండు ఎకరాల ఐదు సెంట్లను 2.05 అని వ్రాయవలసి ఉండగా, కొందరు ఎకరాలు, సెంట్ల మధ్య గుర్తుగా చుక్క పెట్టి 2.5 అని వ్రాస్తారు. స్క్రిప్టుకు అది రెండున్నర ఎకరాలు. ఆ కమతంలో 75 కిలోల బస్తాలు అరవై పండినవనుకొంటే, దిగుబడి 4,500 కిలోలు. దానిని 2.05 తో భాగిస్తే ఎకరాకు 2,195 కిలోలు, 2.5 తో భాగిస్తే 1,800 కిలోలు. సుమారు 395 కిలోల ఈ తేడా, రెండు వరి రకాల మధ్య మనం వెదికే తేడాను పూర్తిగా మ్రింగివేయగలదు. జగ్గయ్యపేట దాటి తెలంగాణలోనికి వెళితే అక్కడ సెంట్లకు బదులు గుంటలు, ఎకరాకు నలభై. అక్కడి ఫైలులో 2.20 అనగా రెండు ఎకరాల ఇరవై గుంటలు, అనగా సరిగా రెండున్నర ఎకరాలు. సరిహద్దుకు ఇరువైపుల సమాచారాన్ని ఒకే పట్టికలో చేర్చేవారు ప్రమాణాన్ని వేరే కాలమ్‌లో నమోదు చేయక తప్పదు.

తెలుగు లిపి వలన వచ్చే చిక్కులు

ఆంగ్లంలో వ్రాయబడిన పాఠ్యగ్రంథాలు ఈ విషయాన్ని తడమవు కనుక ఇక్కడ కొంత వివరం అవసరం.

ఎక్సెల్ నుండి పాత తరహా సి.ఎస్.వి.గా దాచినపుడు తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఇది తిరిగి రాని నష్టం. ఆ ప్రశ్నార్థకాలలో పాత అక్షరం జాడ ఏదీ ఉండదు. యు.టి.ఎఫ్.-8 రూపంలో దాచిన ఫైలును స్క్రిప్టు వేరొక ఎన్‌కోడింగ్‌లో చదివినపుడు కనిపించే వింత లాటిన్ అక్షరాలు మాత్రం అంత ప్రమాదకరం కావు. సరైన ఎన్‌కోడింగ్ చెప్పి మళ్లీ చదివితే తెలుగు తిరిగి వస్తుంది. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠ్యం ఈ రెండింటికీ భిన్నం. అది యూనికోడ్ కానే కాదు. ఏ ఎన్‌కోడింగ్ చెప్పినా తెలుగు కాదు. ప్రత్యేక మార్పిడి సాధనం కావాలి. ఈ మూడు స్థితులను వేరుచేయడం తెలియక గంటల తరబడి స్క్రిప్టును తిరగవ్రాసేవారు కలరు.

యు.టి.ఎఫ్.-8లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకొంటుంది. ‘ఇబ్రహీంపట్నం’ అను పేరులో పన్నెండు సంకేతాలు, అనగా 36 బైట్లు ఉన్నాయి. కాలమ్‌లను స్థానాల లెక్కతో కోసే స్థిర వెడల్పు ఫైళ్లలో, ఫైలు తయారుచేసినవారు బైట్లను, స్క్రిప్టు సంకేతాలను లెక్కిస్తే, పేరు తరువాతి కాలమ్‌లన్నీ చెదరిపోతాయి. ఫైలు మొదట్లో మూడు బైట్ల అదృశ్య గుర్తు ఒకటి ఉండవచ్చును. దాని వలన మొదటి కాలమ్ పేరు కంటికి ‘మండలం’ అనే కనిపించినా స్క్రిప్టుకు అది వేరు పేరు. ‘అట్టి కాలమ్ లేదు’ అను సందేశం వస్తుంది. పైథాన్‌లో చదివేటపుడు యు.టి.ఎఫ్.-8-సిగ్ అను ఎన్‌కోడింగ్ చెబితే ఈ గుర్తు తొలగుతుంది. ఫైలు చివరి కాలమ్‌కు ఇటువంటిదే మరొక బెడద: విండోస్‌లో తయారైన ఫైలులో ప్రతి పంక్తి చివర రెండు సంకేతాలు, 13, 10 ఉంటాయి. స్క్రిప్టు 10 ని మాత్రమే పంక్తి ముగింపుగా తీసుకొంటే 13 విలువకు అంటుకొని ఉండిపోతుంది. చివరి కాలమ్ వరి రకం అయితే, ‘స్వర్ణ’ కోసం వెదికినవారికి ఒక్క వరుస కూడ దొరకదు.

అన్నింటికంటె మోసకారి సున్న. తెలుగు పూర్ణానుస్వారం ‘ం’ సంకేత సంఖ్య 3074. తెలుగు అంకె ‘౦’ సంకేత సంఖ్య 3174. చాలా ఫాంట్లలో రెండింటికి రూపభేదం లేదు. టైపు చేసేవారు ఒకదానికి బదులు మరొకటి వాడితే ‘గన్నవరం’ రెండు మండలాలవుతుంది. మండలాల వారీ మొత్తాలలో రెండు గన్నవరాలు, రెండింటికీ సగం సగం విస్తీర్ణం. యూనికోడ్ సాధారణీకరణ ఈ తేడాను తొలగించదు, ఎందుకనగా యూనికోడ్ దృష్టిలో అవి సంబంధం లేని రెండు సంకేతాలు. ‘మైలవరం’, ‘కైకలూరు’ పేర్లలోని ఐత్వం సంగతి వేరు. దానిని 3144 అను ఒక్క సంకేతంగాను, 3142, 3158 అను రెండు సంకేతాల జంటగాను వ్రాయవచ్చును; సాధారణీకరణ చేస్తే ఈ రెండు రూపాలు ఒకటవుతాయి. ‘ఎన్‌టీఆర్’ అను జిల్లా పేరులో పొల్లు నకారం తరువాతి అక్షరంతో కలిసిపోకుండా వాడే అదృశ్య సంకేతం 8204 కొన్ని ఫైళ్లలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. రెండు పేర్లు కంటికి ఒక్కటిగా తోచినా జతపడనపుడు, వాటి పొడవులను సంకేతాలలో లెక్కించి చూడడం శీఘ్రమైన పరీక్ష. పొడవు కూడ సమానమైతే ఒక్కొక్క సంకేత సంఖ్యను ముద్రించి చూడాలి. గన్నవరం తప్పు అప్పుడే బయటపడుతుంది.

ఇన్ని చిక్కుల మధ్య పేరును ఆధారంగా చేసుకొని పట్టికలను జతపరచడమే అవివేకం. గ్రామాలకు, మండలాలకు కేంద్ర ప్రభుత్వపు స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో కోడ్ సంఖ్యలు ఉన్నాయి. వాటిని వాడుతూ, పేరును చదువుకోవడానికి మాత్రమే ఉంచుకోవాలి. జిల్లా పేరు విషయంలో ఇది మరింత అవసరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినపుడు విజయవాడ, నందిగామ, తిరువూరు ప్రాంతాలు ఎన్‌టీఆర్ జిల్లాలోనికి, నూజివీడు, కైకలూరు ప్రాంతాలు ఏలూరు జిల్లాలోనికి వెళ్లాయి. ‘కృష్ణా’ అను పేరు మాత్రం మచిలీపట్నం కేంద్రంగా మిగిలినది. 2021, 2023 ఫైళ్లలో ఆ పేరు ఒక్కటే, ప్రాంతం ఒక్కటి కాదు. పేరుతో జతపరచిన పట్టికలో జిల్లా వరి విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోయినట్లు కనిపిస్తుంది.

ఖాళీ వేరు, సున్న వేరు

వర్షపాత ఫైలులో ఖాళీ గడికి ‘కొలవలేదు’ అని, సున్నకు ‘వాన లేదు’ అని అర్థం. పైన చెప్పిన మైఎస్‌క్యూఎల్ పద్ధతిలో సంఖ్యా కాలమ్‌లోని ఖాళీ సున్నగా మారుతుంది. ఎస్‌క్యూలైట్ దానిని ఖాళీ పాఠ్యంగా ఉంచి, సగటు తీసేటపుడు సున్నగా లెక్కిస్తుంది. పోస్ట్‌గ్రెస్ సి.ఎస్.వి. పద్ధతిలో మాత్రం అది నల్ అవుతుంది. ముప్పై రోజుల నెలలో ఇరవైనాలుగు రోజులు కొలిచి మొత్తం 192 మి.మీ. వచ్చినదనుకొంటే, కొలిచిన రోజుల సగటు 8 మి.మీ.; ఆరు ఖాళీలు సున్నలయితే 6.4 మి.మీ. అంతేకాదు, ఆ ఆరు రోజులు బెట్ట రోజులుగా నమోదై, లేని బెట్టను చూపుతాయి. భారీ వర్షాల రోజులలోనే కేంద్రానికి వెళ్లి కొలవలేకపోయే అవకాశం ఎక్కువ కనుక ఈ తప్పు ఎప్పుడూ ఒకే దిక్కుకు ఒరుగుతుంది. కొన్ని వాతావరణ ఫైళ్లలో ఖాళీకి బదులు -999 ఉంటుంది. దానిని నల్‌గా మార్చడం మరచినా, మొత్తం ఋణసంఖ్య కావడంతో వెంటనే తెలిసిపోతుంది. ఆ మేరకు అది నిజాయితీ గల గుర్తు.

వర్షపు తేదీ గురించి ఒక మాట. భారత వాతావరణ శాఖ పద్ధతిలో ఉదయం 8:30తో ముగిసే 24 గంటల వాన ఆ రోజు పేరున నమోదవుతుంది. స్వయంచాలక కేంద్రపు గంటల వివరాలను అర్ధరాత్రి నుండి అర్ధరాత్రి వరకు కూడిన పట్టికతో దీనిని పోల్చితే రెండూ ఏకీభవించవు; స్క్రిప్టులో తప్పు వెదకడం వృథా.

నియమం తప్పా, వివరం తప్పా

తప్పుడు విలువలు రాకుండా స్క్రిప్టులో నియమాలు పెట్టడం మంచి అలవాటే. కాని ఆ నియమాలు పొలం తెలియని చోట తయారైతే నిజమైన వివరాలనే బయటకు నెడతాయి. ‘రెండవ పంట విత్తిన తేదీ మొదటి పంట కోసిన తేదీ తరువాత ఉండాలి’ అను నియమం తర్కానికి నిర్దుష్టంగా కనిపిస్తుంది. కృష్ణా డెల్టాలో అది చెల్లదు. ఇక్కడి మాగాణులలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నేలలో పదును ఉండగా, నిలిచి ఉన్న పైరులో మినుము చల్లుతారు. ఆ నియమం గల స్క్రిప్టు డెల్టా మినుము వరుసలను గంపగుత్తగా తిరస్కరిస్తుంది. తిరస్కరణ సంఖ్య అంత పెద్దదిగా ఉన్నపుడు అనుమానించవలసినది ఫైలును కాదు, నియమాన్ని.

వరద విషయమూ అంతే. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద సుమారు 11.10 లక్షల క్యూసెక్కులు నమోదైనవి. అదే గరిష్ఠ పరిమితి అని స్క్రిప్టులో స్థిరపరచినట్లయితే, 2024 సెప్టెంబరు 2 నాటి విలువ ‘అసంభవం’ అని కొట్టివేయబడేది. ఇటువంటి పరిమితి దాటిన వరుసను తొలగించరాదు. గుర్తు వేసి, చేర్చి, మనిషి చూపుకు వదలాలి.

ఆచరణలో క్రమం

వచ్చిన ఫైలును ఎవరూ మార్చలేని విధంగా, వచ్చిన తేదీతో ఒకచోట భద్రపరచి, దాని నకలుతోనే పని చేయాలి. నేరుగా అసలు పట్టికలోనికి పోకుండా, ముందుగా అన్ని కాలమ్‌లూ పాఠ్యంగానే ఉండే ఒక మధ్యంతర పట్టికలోనికి చేర్చాలి. అక్కడ రకం కుదరక విలువ మారడం గాని, దోషం రావడం గాని ఉండదు. ప్రతి వరుసకు ఫైలు పేరు, వరుస సంఖ్య జతపడతాయి. తేదీలు, సంఖ్యలు, ఖాళీలు, సున్నల మార్పిడి అంతా అక్కడి నుండి అసలు పట్టికకు వెళ్లే రెండవ అంచెలో, ఒకే లావాదేవీగా జరగాలి. పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగరాదు. సగం చేరిన ఫైలును మళ్లీ నడిపితే మొదటి సగం రెండుసార్లు చేరి విస్తీర్ణం పెరుగుతుంది. గ్రామ కోడ్, సర్వే సంఖ్య, ఋతువు, పంట, సాగుదారు గుర్తు కలిపి అనన్యమైన కీగా పెట్టుకొంటే ఆ పునరుక్తి నిలిచిపోతుంది. ఇందులో పంటను విడిచిపెడితే అంతరపంటలు, సాగుదారును విడిచిపెడితే ఒకే సర్వే సంఖ్యలోని కౌలుదార్లు రాలిపోతారు.

వరి రకాల పేర్లకు ఒక పర్యాయపద పట్టిక అవసరం. బి.పి.టి. 5204, సాంబ మసూరి ఒకటే, ఎం.టి.యు. 1010, కాటన్‌దొర సన్నాలు ఒకటే, ఎం.టి.యు. 7029, స్వర్ణ ఒకటే. స్క్రిప్టులోనే ఈ మార్పులు వ్రాయరాదు. పట్టికలో ఉంటే రకాల పేర్లు ఎరిగినవారు, ప్రోగ్రామింగ్ రాకపోయినా, దానిని సరిదిద్దగలరు.

తిరస్కరింపబడిన వరుసలకు మరొక పట్టిక ఉండాలి: ఫైలు పేరు, వరుస సంఖ్య, తిరస్కరణకు కారణం తెలుగులో, దాని పక్కన ఆ వరుస మూల పాఠ్యం యథాతథంగా. ఈ జాబితా విజయవాడలోని కంప్యూటరులో ఉండిపోయినంతకాలం దాని వలన ప్రయోజనం లేదు. దానిని మండలాల వారీగా విడదీసి, వివరాలు నమోదు చేసిన క్షేత్ర సిబ్బందికి పంపాలి. అది 12/3 అవునో కాదో, ఆ చేను ఎవరిదో చెప్పగలిగినది వారే.